ఇక్కడికే కదా!



మన మలేషియాలో పదహారేళ్లు నిండినవారు చిన్న మోటారు సైకిలు నడపడానికి లైసెన్సు పొందవచ్చు. మీలో కొందరు ఆ పరీక్షకు సిద్ధమవుతూ ఉంటారు. చాలామంది ఇళ్ల ముందు ఒక ‘కప్చాయ్’ నిలిచే ఉంటుంది. నాన్నగారు పనికి వెళ్లినా, అమ్మ బజారుకు వెళ్లినా దానిమీదే. అది పెట్రోలు తక్కువ తాగే బండి, ఇరుకు దారిలోనూ దూరిపోయే బండి. అయితే మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణిస్తున్నవారిలో సగానికి మించినవారు మోటారు సైకిళ్లపై వెళ్లేవారే. అందుచేత బండి తాళం చేతికి రాకముందే ఈ పాఠం చదవాలి.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

1998లో మా తమ్ముడికి పదిహేడేళ్లు. లైసెన్సు వచ్చి మూడు వారాలైంది. ఒక సాయంత్రం అమ్మ కొబ్బరికాయ తెమ్మంది. కొట్టు కిలోమీటరున్నర దూరం. శిరస్త్రాణం, అదే మనం ‘టోపీ కెలెడార్’ అనేది, బండి ముందు బుట్టలో ఉంది.

“టోపీ పెట్టుకోరా” అంది అమ్మ.

“ఇక్కడికే కదమ్మా!” అన్నాడు తమ్ముడు.

నేను వరండాలోనే ఉన్నాను. ఏమీ అనలేదు. నేనూ అలాగే వెళ్లివచ్చేవాణ్ణి గనుక అనడానికి నోరు రాలేదు.

అప్పుడే వాన వెలిసింది. మలుపు దగ్గర పామాయిలు గెలల లారీనుండి రాలిన పళ్లు రోడ్డుమీద నలిగి ఉన్నాయి. తమ్ముడు వాటిని చూసి ఒక్కసారిగా ముందు బ్రేకు నొక్కాడు. చక్రం జారింది. తల రోడ్డు అంచు రాయికి తగిలింది. వెనుక వస్తున్న పెద్దాయన చెప్పిన మాట నాకింకా గుర్తుంది: “అబ్బాయి జోరుగా కూడా రాలేదు బాబూ!”

టోపీకి గీత కూడా పడలేదు. బుట్టలోనే ఉంది.

తలకు రక్ష

నెమ్మదిగా వెళ్తే దెబ్బ తగలదనుకోవడం పొరపాటు. బండిమీద కూర్చున్న ఎత్తునుండి తల గట్టి నేలకు తగిలినా మెదడుకు హాని కలుగవచ్చు.

ఈ సంగతి లోకం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్సు అనే ప్రసిద్ధ సైనికుడు, రచయిత మోటారు సైకిలు మీద వెళ్తూ, సైకిళ్లపై ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలపై రక్షణ లేదు. ఆరు రోజులకు మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆయన మెదడు శస్త్రవైద్యుడు. తరువాత ఆయన మోటారు సైకిళ్లపై గాయపడినవారిని పరిశీలించి, శిరస్త్రాణం ఎంత మేలు చేస్తుందో 1941లో ఒక వ్యాసంలో చూపించాడు. ఆ ఏడాదే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు దానిని తప్పనిసరి చేసింది. మన దేశంలో 1973లో చట్టం వచ్చింది.

శిరస్త్రాణంలో పైచిప్ప ఒక్కటే కాదు, లోపలి గట్టి నురుగు కూడా ముఖ్యం. దెబ్బ తగిలినప్పుడు ఆ నురుగు తాను నలిగి, తలకు చేరే తాకిడిని తగ్గిస్తుంది. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ మునుపటిలా కాదు. కనుక ప్రమాదంలో దెబ్బతిన్న శిరస్త్రాణాన్ని, పైకి బాగున్నట్లు కనిపించినా, మళ్లీ వాడకూడదు. కొనేటప్పుడు సిరిమ్ ముద్ర చూడాలి. తలకు సరిగ్గా పట్టాలి. గడ్డం కింద పట్టీకి ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. పట్టీ బిగించని టోపీ పడిపోతున్నప్పుడు తలకంటే ముందు ఎగిరిపోతుంది.

ఆపడం నేర్చుకోండి

లైసెన్సు పరీక్షలో ఇరుకు పలక మీద బండిని తూకంగా నడిపిస్తారు. అది మంచి అభ్యాసమే. అయితే రోడ్డుమీద నడపడం కంటే ఆపడమే పెద్ద విద్య.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనబడి, చెయ్యి బ్రేకు అందుకునేసరికే ఆ దూరం గడిచిపోతుంది. బ్రేకు పట్టాక పొడి రోడ్డుమీద మరో 23 మీటర్లు పోవచ్చు. మొత్తం 40 మీటర్లు. అదే 30 కిలోమీటర్ల వేగంలో మొత్తం సుమారు 14 మీటర్లు చాలు. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక సాగే దూరం దాదాపు నాలుగింతలవుతుందన్నమాట. తడి రోడ్డుమీద ఇంకా ఎక్కువ.

బండి నిటారుగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుతూ నొక్కాలి. బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దానిని గుప్పున పట్టేస్తే చక్రం జారుతుంది. మలుపులో బ్రేకు వేయడం కాదు, మలుపు రాకముందే వేగం తగ్గించాలి. ఖాళీ మైదానంలో పెద్దవారి ఎదుట ఈ అభ్యాసం పదేపదే చేయండి.

వాన వచ్చినప్పుడు

వాన మొదలైన తొలి నిమిషాలలో రోడ్డు బాగా జారుతుంది. రోడ్డుమీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలుస్తాయి గదా! తెల్లగీతలు, ఇనుప మూతలు, రాలిన పామాయిలు పళ్లు మరీ ప్రమాదం. ముందు బండికి రెండు సెకన్ల ఎడం ఎప్పుడూ ఉంచాలి, వానలో నాలుగు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే నిదానంగా లెక్కపెట్టండి. రెండు లెక్కించకముందే మీరు ఆ స్తంభాన్ని చేరితే, మరీ దగ్గరగా వెళ్తున్నారన్నమాట. పెద్ద రహదారిపై వాన పట్టుకుంటే మోటారు సైకిళ్ల కోసం కట్టిన ఆశ్రయంలో ఆగండి. వంతెన కింద దారి అంచున గుంపుగా నిలబడకండి.

ఎదుటివారికి కనబడాలి

మోటారు సైకిలు సన్నగా ఉంటుంది. కారు నడిపేవారి కంటికి తేలికగా తప్పిపోతుంది. అందుకే మన దేశంలో 1992 నుండి పగటిపూట కూడా మోటారు సైకిలు దీపం వెలిగించాలన్న నియమం ఉంది. లేతరంగు బట్టలు మంచివి. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, మీరు ఆయనకు కనబడడం లేదని తెలుసుకోండి. ఎడమకు తిరగబోతున్న లారీకి ఎడమ పక్కగా ఎన్నడూ దూరకండి. మోటారు సైకిళ్లకు వేరే దారి ఉన్నచోట ఆ దారినే వెళ్లండి. కొత్తలో వెనుక స్నేహితుణ్ణి ఎక్కించుకోకండి. బరువు మారితే బండి తూకమూ మారుతుంది.

తమ్ముడి సంగతి

మా తమ్ముడు బతికాడు. దేవుడి దయ, వైద్యుల నేర్పు. కాని కుడిచెవి వినబడదు. ఆ రోజు సంగతి అతనికి ఏమీ గుర్తు లేదు. ఒకప్పుడు మా తెలుగు తరగతిలో తడబడకుండా చదివేవాడు అతనే. ఇప్పుడు ఒక పేజీ చదివేసరికి వరుసలు కలగాపులగమవుతాయి. తెలిసిన పేర్లకు కూడా తడుముకుంటాడు. అమ్మ ఈనాటికీ కొబ్బరికాయ తెమ్మని ఎవరికీ చెప్పదు.

దూరప్రయాణానికి అందరూ జాగ్రత్తపడతారు. కొట్టుకు, గుడికి, పక్కవీధికి వెళ్లేటప్పుడే ‘ఇక్కడికే కదా’ అంటారు. రోడ్డుకు దగ్గర, దూరం తెలియవు. మీ ఇంట్లో ఎవరి నోట ఆ మాట వచ్చినా, వారు పెద్దవారైనా సరే, శిరస్త్రాణం తెచ్చి చేతికివ్వండి. ఆనాడు నేను చేయని పని అది.

పదాలు – అర్థాలు

శిరస్త్రాణం = తలకు రక్షణగా పెట్టుకునేది
తాకిడి = దెబ్బ బలం
ఎడం = మధ్య దూరం
కలగాపులగం = వరుస తప్పి కలిసిపోవడం

ప్రశ్నలు

1. దెబ్బతిన్న శిరస్త్రాణాన్ని మళ్లీ ఎందుకు వాడకూడదు?
2. వేగం రెట్టింపైతే బండి ఆగే దూరం ఎలా మారుతుంది?
3. తమ్ముడు చేసిన పొరపాట్లు ఏవి? అన్నగారు చేసిన పొరపాటు ఏది?
4. ‘ఇక్కడికే కదా’ అన్న మాట మీ ఇంట్లో ఎప్పుడెప్పుడు వింటారు? ఐదు వాక్యాలు రాయండి.

చేయవలసిన పని

మీ ఇంట్లోని శిరస్త్రాణాలన్నిటినీ పెద్దవారితో కలిసి పరిశీలించండి. ముద్ర, లోపలి నురుగు, పట్టీ ఎలా ఉన్నాయో రాసి తరగతిలో చదవండి.