జపాను ప్రాథమిక పాఠశాలలో క్రొత్త ఉపాధ్యాయుని తొలి దినములు

వైద్యమునకును, యంత్రవిద్యకును పరదేశములకు పోవు మనవారిని గూర్చి తఱచుగా వినుచున్నాము. చిన్నబిడ్డలకు చదువు చెప్పుటకై సముద్రము దాటువారిని గూర్చి వినుట యరుదు. అట్టి పనికి జపాను ప్రభుత్వము 1987వ సంవత్సరము నుండి అన్యదేశముల యువకులను, యువతులను పిలిపించుచున్నది. 2020 నుండి అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో అయిదు, ఆఱు తరగతులకు ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయమైనది. మూడు, నాలుగు తరగతులవారు దానిని ఆటపాటలతో నేర్చుకొందురు. ఇట్లు పోయిన సహాయోపాధ్యాయునికి మొదటి వారములలో ఏమేమి యెదురగునో తెలిసికొనుట, పోదలచిన విద్యార్థులకే గాక వారిని పంపు తలిదండ్రులకును అవసరము.

అచ్చట పాఠశాలా సంవత్సరము ఏప్రిలు నెలలో మొదలగును. ఈ పద్ధతిని పోవువారిలో పెక్కుమంది జూలై మాసాంతమునగాని, ఆగష్టునగాని చేరుదురు. అవి వేసవి సెలవులు. పాఠము చెప్పవలెనను ఉత్సాహముతో వచ్చినవానికి పిల్లలు లేని బడి కనబడును. ఉపాధ్యాయులందఱి బల్లలును ఒకే గదిలో చేర్చి వేయబడి యుండును. ఉపప్రధానోపాధ్యాయుడు అందఱును కనబడునట్లు ముందువైపున కూర్చుండును. క్రొత్తవానికి ఒక బల్ల చూపుదురు గాని పని చూపరు. ఇది అనాదరణము కాదు. నా యభిప్రాయమున ఆ ఖాళీ దినములే మిక్కిలి విలువగలవి. తోడి ఉపాధ్యాయుల పేళ్లు, గదుల పేళ్లు అప్పుడే నేర్వవలెను. రెండు విధములగు అక్షరమాలలు కలవు. ఒక్కొక్కదానిలో 46 మూలాక్షరములు. అవిగాక చీనాదేశము నుండి వచ్చిన కంజి యను గుర్తులలో మొదటి తరగతి బిడ్డలు 80, ఆఱు సంవత్సరములు ముగియునప్పటికి 1,026 నేర్చెదరు. ఆఱేండ్ల పసివాడు చదువగల గోడపత్రికను తాను చదువలేకపోవుట పెద్దవానికి కొంత కష్టముగానే యుండును.

తెలుగువానికి ఒక సౌకర్యము కలదు. జపాను భాషలోను క్రియ వాక్యాంతముననే వచ్చును. మన విభక్తి ప్రత్యయములవలె చిన్న మాటలు నామములకు వెనుక చేరును. మనము అన్యదేశ పదములకు అచ్చులు చేర్చి బస్సు, రోడ్డు అనునట్లే వారును బసు అందురు. అయితే ర, ల అక్షరములకు వారి చెవిలో భేదము లేదు. బిడ్డ రైటు అన్నాడో లైటు అన్నాడో తెలియక క్రొత్త ఉపాధ్యాయుడు తికమకపడును. నవ్వరాదు. మన పల్లెబిడ్డల యింగ్లీషును విని నవ్వినవారిని మనము మఱచితిమా?

తరగతి బాధ్యత ఇతనిది కాదు. దాదాపు అన్ని విషయములను చెప్పు తరగతి ఉపాధ్యాయుడు ఒకడుండును. ఇతడు అతనికి సహాయుడు. మన ట్రెయినింగు కాలేజీలలో పాఠమునకు ముందు పథకము వ్రాసి, పెద్దలకు చూపి, దిద్దించుకొన్నవారికి ఇట్టి లోబాటు క్రొత్త కాదు. 45 నిమిషముల మొదటి పాఠము తన్ను తాను పరిచయము చేసికొనుటతోనే గడచును. వయస్సెంత, ఏమి తినెదరు అని బిడ్డలడుగుదురు. భారతదేశమునుండి వచ్చినవానిని దినమును కూరయే తినెదరా అని యడుగకుండుట యరుదు. ఏలయన మన కూర ఇంగ్లీషువారి మూలముగా అచ్చటికి చేరి, తియ్యనిదై, చిక్కనిదై, అన్నముతో కలిసి బిడ్డల ప్రియాహారమైనది.

ఆ భోజనమును చూచుట మన బోర్డింగులవారికి ముచ్చటగా నుండును. తెల్లని టోపీలు, పైవస్త్రములు ధరించి బిడ్డలే వంతులవారీగా వడ్డింతురు. ఉపాధ్యాయుడు వారితోపాటు ఆ బల్లయొద్దనే, ఆ యన్నమునే తినును. బిడ్డలకంటె ముందు ప్రధానోపాధ్యాయుడు రుచి చూచును. అటు తరువాత గదులు, వసారాలు, మెట్లు బిడ్డలే తుడుతురు. ఉపాధ్యాయులును గుడ్డ పట్టుదురు. చదువుకొనుటకు పంపితిమిగాని ఊడ్చుటకు కాదని మనలో కొందఱు తలిదండ్రులు కోపగించుట కలదు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును కొలుచువారు ఆ మాట ఎట్లందురో నాకు బోధపడదు.

భోజనపు వేళ ఒక హెచ్చరిక మాత్రము మఱువరాదు. ప్రేమతో ఎవరికిని ఏమియు అదనముగా వడ్డింపరాదు. 2012 డిశెంబరులో టోక్యో సమీపమందలి చోఫు పట్టణములో అయిదవ తరగతి బాలిక యొకతె, తన శరీరమునకు పడని పాలపదార్థము కలిసిన వంటకమును రెండవమారు పెట్టించుకొని తిని మరణించెను. ఏ బిడ్డకు ఏది పడదో తెలుపు పట్టిక తరగతి ఉపాధ్యాయునియొద్ద నుండును. దానిని మొదటి దినముననే చూపుమని యడుగవలెను.

అంతకంటె ముఖ్యమైనది భూకంపము. నేల కదలినప్పుడు బిడ్డలు బల్లల క్రింద దూరి, తరువాత వరుసగా బయటికి పోవుదురు. త్రోయకుము, పరుగెత్తకుము, మాటలాడకుము, తిరిగిపోకుము అను నాలుగాజ్ఞల మొదటి యక్షరములు చేర్చి ఓ-కా-షి-మో అని కంఠస్థము చేయింతురు. అందు ఓకాషి యనగా మిఠాయి, కనుక పసివారికి మఱపు రాదు. సముద్రతీరమున ఇది చాలదు. 2011 మార్చి 11వ తేదీన మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు మహాభూకంపము కలిగెను. సముద్రమునకు దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరమున నదీతీరమందున్న ఒకావా ప్రాథమిక పాఠశాలలో బిడ్డలను ఆటస్థలమున నిలిపి, ఎచ్చటికి పోవలెనో నిశ్చయింపలేక సుమారు 50 నిమిషములు గడపిరి. వెనుకనే కొండ యుండెను. 74 మంది బిడ్డలును, 10 మంది ఉపాధ్యాయులును ఉప్పెనకు బలియైరి. అదే దినమున కమాయిషి పట్టణములో ఉనోసుమాయి యందలి పెద్దబడి పిల్లలు ముందుగా పరుగెత్తగా, వారిని చూచి ప్రాథమిక పాఠశాలవారు వెంబడించిరి. పెద్దవారు చిన్నవారి చేతులు పట్టుకొని, చేరిన చోటును చాలదని యెంచి ఇంకను మీదికెక్కిరి. బడినుండి అట్లు పరుగెత్తినవారు బ్రదికిరి. ఆ యుప్పెనలోనే, నేను చెప్పుచున్న ఈ పద్ధతిని పోయిన అమెరికా దేశపు సహాయోపాధ్యాయు లిద్దఱు చనిపోయిరి.

కావున చేరిన దినమున సాయంకాలమే తోడి ఉపాధ్యాయుని వెంటబెట్టుకొని, పాఠశాలనుండి ఎత్తైన స్థలమునకు పోవు త్రోవను నడచి చూడవలెను. ఎన్ని నిమిషములు పట్టెనో, మొదటి తరగతి బిడ్డ అడుగులకు ఎన్ని పట్టునో లెక్కించుకొనవలెను. తాను నివసించు ఇంటినుండియు అట్లే చూచుకొనవలెను. పాఠమునకు కావలసిన బొమ్మల అట్టలు కత్తిరించుకొనుటకు మఱునాడు కావలసినంత తీరిక యుండును.