అర్జునుడి విషాదం, మన ప్లేలిస్ట్: మూడ్ బాగాలేనప్పుడు ఏ పాట వినాలి?



ఈ వారం వీడియోలో భగవద్గీత మొదటి అధ్యాయం, అంటే అర్జున విషాద యోగం గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో వదిలేసిన ఒక విషయాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. అది మన ఫోన్‌లో ఉన్న పాటల గురించి.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ మ్యూజిక్ యాప్ తెరిచి, నిన్న రాత్రి పడుకునే ముందు విన్న 5 పాటలు ఏంటో చూడండి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఆ లిస్ట్ చూస్తే నిన్న రాత్రి మీ మనసు ఎలా ఉందో మీకే తెలిసిపోతుంది. డైరీ రాసే అలవాటు మనలో చాలామందికి లేదు కానీ, ఆ హిస్టరీ పేజీ దాదాపు డైరీ లాంటిదే.

నా హిస్టరీలో ఏముంది?

రెండేళ్ల క్రితం నేను పని చేస్తున్న కంపెనీలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. శుక్రవారం మధ్యాహ్నం 15 నిమిషాల కాల్. సాయంత్రానికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది. ఇంట్లో అమ్మానాన్నలు, నానమ్మ. ఫ్లాట్ ఈఎంఐ నా జీతం మీదే నడుస్తోంది.

పగలంతా రెజ్యూమెలు పంపడం, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విషాద గీతాలు వినడం. ఇదే నా దినచర్య అయిపోయింది. సినిమాల్లో హీరో అన్నీ పోగొట్టుకుని రోడ్డు మీద నడిచే పాటలుంటాయి చూడండి, అవే. మొదటి నాలుగు రోజులు నిజంగానే హాయిగా అనిపించింది. నా బాధ అర్థం చేసుకునేవాడు ఒకడున్నాడు అన్నట్టు ఉండేది. మూడో వారానికి వచ్చేసరికి పాట మొదలవగానే గుండె బరువెక్కేది, అయినా ఆపబుద్ధి కాదు. రెండింటికి, మూడింటికి నిద్ర.

అమ్మ ఊరుకోలేక ఒకరోజు పొద్దున్నే టీవీలో త్యాగరాజ స్వామి కీర్తన 'నిధి చాల సుఖమా' పెట్టింది. డబ్బు సుఖమా, రాముడి సన్నిధి సుఖమా అని అడిగే కీర్తన. అమ్మ ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈఎంఐ కట్టాల్సింది నేను, ఇప్పుడు నాకు నిధి గురించి చెబుతారా అని తలుపు వేసుకున్నాను. మంచి పాటే, మంచి మాటే. కానీ ఆ పూట అది నా దాకా రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత అర్థమైంది.

మూడ్ పాటను ఎలా ఎంచుకుంటుంది?

1988లో డాల్ఫ్ జిల్‌మన్ అనే మీడియా సైకాలజీ పరిశోధకుడు 'మూడ్ మేనేజ్‌మెంట్' అనే సిద్ధాంతం చెప్పాడు. టీవీ అయినా, పాట అయినా మనం ఊరికే ఎంచుకోం. మంచి మూడ్‌లో ఉంటే దాన్ని నిలబెట్టుకోవడానికి, పాడైతే బాగుచేసుకోవడానికి, మనకు తెలియకుండానే ఎంచుకుంటాం అని దాని సారాంశం. జిమ్‌లో డప్పు బీట్ పెట్టుకోవడం, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చాక ఇళయరాజా పాట పెట్టుకోవడం ఇందులోకే వస్తాయి.

మరి బాధలో ఉన్నవాడు బాధ పాటే ఎందుకు వింటాడు? ఈ లెక్క ప్రకారం హుషారు పాట పెట్టుకోవాలి కదా! ఇక్కడే చిక్కు. మీరు బాగా డల్‌గా ఉన్నప్పుడు పక్క రూమ్‌లో ఎవరైనా పెళ్లి బ్యాండ్ పాట పెడితే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. చిరాకు వస్తుంది. బాధలో ఉన్న మనిషికి ముందు కావాల్సింది తోడు. నవ్వించేవాళ్లు తర్వాత.

మన భరతముని నాట్యశాస్త్రంలో దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. జీవితంలో ఉన్నది శోకం. అదే కళలోకి వచ్చేసరికి కరుణ రసం అవుతుంది. రసం అంటే ఆస్వాదించేది. అందుకే హరికథలో సీతమ్మ అశోకవనం ఘట్టం వింటూ కన్నీళ్లు పెట్టుకున్న మా నానమ్మ, ఇంటికొచ్చి "ఎంత బాగా చెప్పాడో!" అంటుంది. ఆ ఏడుపులో బరువు దిగుతుంది.

కాబట్టి బాధలో బాధ పాట వినడం తప్పు కాదు. సమస్య ఎక్కడంటే, అక్కడే ఉండిపోవడంలో.

లూప్‌లో ఇరుక్కోవడం

ఇది నా ఫీల్డ్ కాబట్టి చెబుతున్నాను. మ్యూజిక్ యాప్‌లలో రికమెండేషన్ అనేది మీరు ఏది వింటే దానికి దగ్గరగా ఉన్నదాన్ని చూపించేలా రాసిన ప్రోగ్రామ్. మీరు రాత్రి ఒంటి గంటకు విషాద గీతం పూర్తిగా విన్నారంటే దానికి అది ఒక సిగ్నల్. "ఇతనికి ఇది నచ్చింది, ఇలాంటివే ఇంకో పది ఇద్దాం." మీరు బాధలో ఉన్నారో, ఇష్టంతో విన్నారో దానికి పట్టింపు లేదు. మీరు వింటారు, అది ఇస్తుంది, మళ్లీ వింటారు. ఎగ్జిట్ కండిషన్ రాయని లూప్ ఎలా తిరుగుతుందో మన కోడర్లకు చెప్పక్కర్లేదు.

గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాల్లో కృష్ణ పరమాత్మ ఒక గొలుసు చెప్పాడు. దేని గురించైతే పదేపదే ఆలోచిస్తామో దానితో సంగం ఏర్పడుతుంది. సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, దాన్నుంచి స్మృతి చెదరడం, చివరికి బుద్ధి నాశనం. అక్కడ చెప్పింది ఇంద్రియ విషయాల గురించి. కానీ మొదటి మెట్టు చూడండి: పదేపదే ధ్యాస పెట్టడం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే బాధను నలభై సార్లు రిపీట్ చేసినప్పుడు నేను చేసింది అచ్చంగా అదే. నా బాధతో నాకే సంగం ఏర్పడిపోయింది.

రామదాసు తిట్లు

ఒక రాత్రి మంచినీళ్లకని లేచిన నానమ్మ నా గదిలోకి తొంగి చూసింది. "ఏరా, ఇంకా పడుకోలేదా? ఏం వింటున్నావ్?" అని ఒక హెడ్‌ఫోన్ తీసి చెవికి ఆనించుకుంది. కాసేపు విని, "వీడెవడితో చెప్పుకుంటున్నాడ్రా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "ఎవరితో ఏంటి నానమ్మా, పాట అంతే."

"రామదాసు కూడా ఏడ్చాడు కదా. ఆయన రాముడితో చెప్పుకున్నాడు. వీడు గోడతో చెప్పుకుంటున్నాడు," అనేసి వెళ్లి పడుకుంది.

మాది ఖమ్మం వైపు. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి, అది ఖమ్మం జిల్లాలోనే ఉంది. తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారుగా ఉండి, వసూలైన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని మనవాళ్లు చెప్పుకుంటారు. ఇప్పటికీ గోల్కొండ కోటకు వెళ్తే ఆయన్ని పెట్టిన చోటు చూపిస్తారు. చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. కానీ ఆ రాత్రి మొదటిసారి నేను ఆ కీర్తనలను 'మూడ్' వైపు నుంచి విన్నాను.

'ఇక్ష్వాకు కులతిలక' తీసుకోండి. అందులో ఉన్నది కోపం. ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత ఖర్చయిందో లెక్క చెప్పి, ఇంత చేస్తే పలకవేమని రాముడినే నిలదీస్తాడు. ఒక రకంగా అది ఆడిట్ రిపోర్ట్! అదే పాట చివరికి వచ్చేసరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని తానే వేడుకుంటాడు. ఒక్క పాటలోనే కోపంతో మొదలై శరణాగతి దాకా వచ్చేశాడు. 'పలుకే బంగారమాయెనా'లో అయితే కోపం కూడా లేదు, మాట్లాడవేమని అలక, ఆరాటం.

రామదాసు తన మూడ్‌ను దాచలేదు. భక్తుడిని కాబట్టి ప్రశాంతంగా ఉండాలి అని నటించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అయితే వినేవాడు ఒకడున్నాడు అని నమ్మి చెప్పాడు. ఉద్యోగం పోయినవాడికి అమ్మ పెట్టిన 'నిధి చాల సుఖమా' కంటే రామదాసు తిట్లే ముందు ఎందుకు ఎక్కాయో అప్పుడు తెలిసింది.

విషాదం యోగం ఎలా అయింది?

ఇప్పుడు వీడియోలో చెప్పిన దగ్గరికి వద్దాం. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి పరిస్థితి చూడండి. ఒళ్లు వణుకుతోంది, నోరు ఎండిపోతోంది, చర్మం మండుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, నిలబడలేకపోతున్నాడు. ఇవాళ డాక్టర్ దగ్గర చెప్పే లక్షణాల్లాగే ఉన్నాయి కదా!

ఆ అధ్యాయం మొత్తంలో కృష్ణుడు మాట్లాడింది ఒక్క చిన్న వాక్యమే. అదుగో కౌరవులు, చూడు అని. ఆ తర్వాత అర్జునుడు మాట్లాడుతూనే ఉంటాడు, స్వామి వింటూనే ఉంటాడు. రెండో అధ్యాయం మొదట్లో ఒకసారి మందలిస్తాడు. అర్జునుడు మళ్లీ తన బాధ చెప్పుకుని, నీ శిష్యుణ్ణి, నాకు దారి చెప్పు అని అడిగి మౌనంగా కూర్చున్నాక, 11వ శ్లోకం నుంచి అసలు బోధ మొదలవుతుంది. జగద్గురువే ముందు పూర్తిగా విన్నాడు, తర్వాత చెప్పాడు.

యోగం అంటే కలవడం. అదే విషాదం అర్జునుడు ఒక్కడే శిబిరంలో కూర్చుని పడి ఉంటే విషాదంగానే మిగిలేది. కృష్ణుడి ముందు పెట్టాడు కాబట్టి యోగం అయింది. ఇంకో సంగతి గమనించారా? గీత అంటే పాట. ఆ పాట విషాదంతో మొదలైంది, 18వ అధ్యాయంలో నా మోహం పోయింది, నువ్వు చెప్పినట్టే చేస్తాను అన్న అర్జునుడి మాట దాకా వెళ్లింది. మనం చేసే పొరపాటల్లా మొదటి అధ్యాయాన్నే రిపీట్‌లో పెట్టుకోవడం.

విచిత్రం ఏంటంటే, మ్యూజిక్ థెరపీలో కూడా ఇదే పద్ధతి ఉంది. 1940లలో అమెరికాలో ఐరా ఆల్ట్‌షూలర్ అనే మానసిక వైద్యుడు 'ఐసో ప్రిన్సిపుల్' అని చెప్పాడు. రోగి ఏ మూడ్‌లో ఉన్నాడో ముందు ఆ మూడ్‌కు సరిపోయే సంగీతం వినిపించాలి, తర్వాత మెల్లగా దాన్ని మారుస్తూ పోవాలి. గీతలోంచి తీసుకున్నాడని నేను అనడం లేదు. మనిషి మనసు పని చేసే తీరు ఒకటే కాబట్టి ఇద్దరి దారీ ఒకచోట కలిసింది.

మూడ్‌తో పని లేని పాట

తిరుమలలో రోజు సుప్రభాతంతో మొదలై ఏకాంత సేవతో ముగుస్తుంది. ధనుర్మాసంలో మాత్రం సుప్రభాతం బదులు తిరుప్పావై. రాత్రి స్వామికి అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు. అక్కడ పాటను నిర్ణయించేది వేళ. పాడేవాళ్లకు ఆ రోజు మనసు బాగున్నా, బాగాలేకపోయినా వేళ కాగానే పాట మొదలవ్వాల్సిందే.

మన ఇళ్లలో అమ్మలు పొద్దున్నే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం పెట్టడం కూడా ఇలాంటిదే. ఏళ్ల తరబడి రోజూ ఒకే వేళకు విన్న పాట మనకు కొక్కెంలా పట్టు ఇస్తుంది. మనసు ఎటు కొట్టుకుపోయినా దాన్ని పట్టుకుని లేవొచ్చు. రోజులో ఒక్క పాటైనా మూడ్‌ను అడగకుండా వినాలి అనేది నేను నేర్చుకున్న రెండో పాఠం.

ఈ వారం సాధన

1. ముందు పేరు పెట్టండి. పాట పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, ఇప్పుడు నాలో ఉన్నది కోపమా, దిగులా, భయమా, ఒంటరితనమా అని అడగండి.

2. 5 పాటల మెట్లు కట్టండి. మొదటి రెండు మీ మూడ్‌కు సరిపోయేవి. మూడోది మధ్యస్థంగా ఉండేది. చివరి రెండు మీరు చేరాలనుకున్న చోటివి. సినిమా పాటతో మొదలుపెట్టినా ఫరవాలేదు.

3. ఆటోప్లే ఆపేయండి. ఐదో పాట అయిపోగానే నిశ్శబ్దం రావాలి. అదే మీ ఎగ్జిట్ కండిషన్.

4. ఆ నిశ్శబ్దంలో మీ ఇష్టదైవంతో మీ మాటల్లో రెండు నిమిషాలు మాట్లాడండి. తిట్టాలనిపిస్తే తిట్టండి. రామదాసు మనకు ఆ చనువు ఇచ్చి వెళ్లాడు.

5. రోజూ ఒకే వేళకు ఒకే పాట. మూడ్ ఎలా ఉన్నా సరే.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా అది పాటలతో తేలే విషయం కాదు. డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడొచ్చు. సాయం అడగడం భక్తి తక్కువై కాదు. అర్జునుడంతటివాడే అడిగాడు.

నా సంగతి అంటారా? పాటలు మార్చగానే ఉద్యోగం రాలేదు. ఇంకో రెండున్నర నెలలు పట్టింది, జీతం కూడా ముందు కంటే తక్కువే. కానీ రాత్రి పన్నెండుకల్లా నిద్ర పట్టేది, ఇంటర్వ్యూలో గొంతు వణకడం తగ్గింది. ఒక ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో ఉండగా నేనే టీవీలో 'నిధి చాల సుఖమా' పెట్టాను. అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చి చూసి, ఏమీ అనకుండా మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు అది నా దాకా వచ్చింది.

మీ 5 పాటల మెట్లు ఏంటో కింద రాయండి. వచ్చే వారం రెండో అధ్యాయం, సాంఖ్య యోగంతో కలుద్దాం.

జై శ్రీకృష్ణ!