ప్యానెళ్లు వచ్చాయి సార్, ఇప్పుడేం చేయాలి?

ఏటా పదోన్నతుల కౌన్సెలింగ్ అయ్యాక కొత్త హెచ్‌ఎంలు కొందరు నాకు ఫోన్ చేస్తుంటారు. "మా బడికి డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి సార్, ల్యాబ్ కూడా శాంక్షనైంది, ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేసి, హెచ్‌ఎంల శిక్షణ తరగతుల్లో రిసోర్స్ పర్సన్‌గా జిల్లాలు తిరిగినవాణ్ని. విడివిడిగా ఫోన్లో చెబుతూ వచ్చిన మాటలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

సామగ్రి పైనుంచి వస్తుంది. ఏది కొనాలి, ఎన్ని కొనాలి అని మనల్ని ఎవరూ అడగరు. అయితే దాన్ని ఏ పీరియడ్‌లో, ఎవరు, ఏ పాఠానికి వాడాలో కూడా ఎవరూ పైనుంచి రాసి పంపరు. ఆ ప్రణాళిక బడిలోనే తయారు కావాలి, తయారు చేయాల్సింది మీరే.

1. కొన్న ఖర్చుకన్నా నడిపే ఖర్చు ఎక్కువ

సమగ్ర శిక్ష కింద ఒక బడికి కంప్యూటర్ ల్యాబ్ పెట్టడానికి 6.40 లక్షల రూపాయల వరకు, ఆపైన ఐదేళ్లపాటు ఏటా 2.40 లక్షల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఐదేళ్లకు నడిపే ఖర్చే 12 లక్షలవుతుంది. పథకం రాసినవాళ్లకే తెలుసు, కొన్నదానికి దాదాపు రెట్టింపు నడపడానికి కావాలని. బడిలో మాత్రం ప్రారంభోత్సవం రోజు చెప్పిన మొదటి అంకె ఒక్కటే అందరికీ గుర్తుంటుంది.

ఐదేళ్ల తర్వాత ఏమిటన్నది అసలు ప్రశ్న. 251 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 75,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, నీళ్ల మోటారు రిపేరు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోంచే. ఇన్వర్టర్ బ్యాటరీ బాగా చూసుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది, నీళ్లు పోయకుండా వదిలేస్తే రెండేళ్లకే పోతుంది. అందుకని జూన్‌లో జరిగే తల్లిదండ్రుల కమిటీ సమావేశంలోనే బ్యాటరీకి ఇంత, కేబుళ్లకు, మౌస్‌లకు ఇంత అని తీర్మానం రాయించుకోండి. చెడిపోయాక డబ్బు వెతుక్కుంటూ కూర్చుంటే ఆ విద్యా సంవత్సరం అక్కడితో సరి.

2. తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడండి

నేను ఏ బడికి వెళ్లినా ముందు అడిగేది ఇదే. తాళం హెచ్‌ఎం బీరువాలో ఉండి, హెచ్‌ఎం మండల సమావేశానికి వెళ్తే ఆ రోజు ల్యాబ్ లేనట్టే. వస్తువు పోతే జీతంలోంచి కోస్తారేమోనన్న భయంతో గదికి తాళం వేస్తారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, స్టాక్ రిజిస్టర్ మీద సంతకం వాళ్లదే కదా! దానికి మందు ఒకటే: స్టాక్ రిజిస్టర్ పక్కనే వాడకం రిజిస్టర్ కూడా పెట్టండి. ఎవరు తెరిచారు, ఏ తరగతి, ఏ పాఠం, మూసేటప్పుడు ఎన్ని పనిచేస్తున్నాయి. నాలుగు గళ్లు చాలు. వాడుతుండగా చెడిపోయిందని రాతలో ఉంటే అడిగినవాళ్లకు చూపించొచ్చు. తాళంచెవులు రెండు చేయించి, ఒకటి ఆ నెల ఇన్‌ఛార్జి టీచరుకు ఇవ్వండి.

ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. వానాకాలం కిటికీ పక్క గోడ చెమ్మెక్కుతుందేమో మీరే చేత్తో తడిమి చూడండి. ఎలుకలు కొరికిన కేబుళ్లు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు.

3. మంచి టీచరు పీరియడ్‌ను కంప్యూటర్‌కు ఇవ్వొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వడోదరలోని మున్సిపల్ ప్రాథమిక బడులకు గుజరాత్ ప్రభుత్వం తలా నాలుగు కంప్యూటర్లు ఇచ్చింది. చాలాచోట్ల అవి పిల్లల దాకా రాలేదు. తర్వాత ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పూనుకుని, 4వ తరగతి పిల్లలను ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరి చొప్పున కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. ఒక గంట బడి సమయంలో, ఇంకో గంట బడికి ముందో తర్వాతో. పిల్లలు లెక్కల్లో బాగా మెరుగయ్యారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరి ఇద్దరు కలిసి దీన్ని పరిశీలించి 2007లో ప్రచురించారు. ఆ మరో ఇద్దరిలో ఒకరైన లీ లిండెన్ గుజరాత్‌లోనే జ్ఞానశాల అనే సంస్థ బడుల్లో ఇంకో పరిశీలన చేశారు. అక్కడ కొన్ని బడుల్లో టీచరు పాఠం చెప్పే సమయాన్ని తగ్గించి కంప్యూటర్ పెట్టారు, మరికొన్నింట్లో బడి వేళలకు బయట అదనంగా పెట్టారు. అదనంగా పెట్టినచోట పిల్లలు బాగుపడ్డారు. టీచరు సమయం తీసేసినచోట ఉన్న చదువు కూడా తగ్గింది.

ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివాక టైమ్ టేబుల్ వేసే పద్ధతి మీద నాకు పట్టుదల వచ్చింది. లెక్కల మాస్టారు బాగా చెబుతుంటే ఆ పీరియడ్ జోలికి పోవద్దు. సాయంత్రం స్టడీ అవర్ ఉంది, టీచరు సెలవు పెట్టినప్పుడు ఖాళీ పీరియడ్లు ఉన్నాయి, ఉదయం ప్రార్థనకు ముందు అరగంట ఉంది. ల్యాబ్‌ను వాటిలో ఇరికించండి. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరుంటే నష్టమేమీ లేదు. మౌస్ మాత్రం మధ్యలో చేతులు మారాలి, లేకపోతే చొరవ ఉన్న పిల్లవాడే పీరియడంతా పట్టుకుంటాడు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇది కనిపెట్టి ఉండండి.

పెరూ దేశం పల్లె బడుల్లో పిల్లలకు లక్షలకొద్దీ ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వచ్చింది: లెక్కల్లో, భాషలో తేడా కనిపించలేదు. పంచడం దగ్గర ప్రణాళిక ఆగిపోతే అంతే.

4. ఏ పాఠానికో ముందు తేల్చండి

ఒక బడిలో 9వ తరగతి వృత్తాల పాఠం జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. లెక్కల మేడమ్ ప్యానెల్ మీద జియోజీబ్రా తెరిచి అర్ధవృత్తం గీశారు. చాపం మీద ఒక బిందువు పెట్టి, వ్యాసం రెండు కొనలకు కలిపారు. పక్కన 90 డిగ్రీలు అని కనిపించింది. బిందువును వేలితో చాపం వెంబడి జరిపారు. గీతలు కదిలాయి, కోణం 90 దగ్గరే నిలిచింది. మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఆ చుక్కను బయటికి లాగండి" అంది. లాగారు. 71, 64, ఇంకా తగ్గింది. "లోపలికి?" అంది. 90 దాటింది. తరగతంతా ఒక్కసారి మాట్లాడటం మొదలెట్టింది. నల్లబల్ల మీద వంద బొమ్మలు గీసినా ఆ ప్రశ్న పుట్టడం కష్టం. ఆ సాఫ్ట్‌వేర్ బడులకు ఉచితమే.

అదే రోజు పక్క గదిలో అదే రకం ప్యానెల్ మీద పాఠ్యపుస్తకం పేజీలు పెద్దవి చేసి పెట్టి, పిల్లల చేత వరసగా చదివిస్తున్నారు. పుస్తకం ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఉంది.

కాబట్టి ఏప్రిల్‌లోనే సబ్జెక్టు టీచర్లను కూర్చోబెట్టి, ఏడాది సిలబస్‌లో కదిలే బొమ్మ లేకపోతే అర్థం కాని పాఠాలేవో రాయమనండి. గుండెలో రక్తం నడక, రుతువులు, గ్రహణాలు, రేఖాగణితం వస్తాయి. సబ్జెక్టుకు ఆరేడు చాలు. మిగతా పాఠాలు సుద్దముక్కతో చక్కగా చెప్పుకోవచ్చు.

5. ఒక్కరి మీదే పెట్టుకోవద్దు

ప్రతి స్టాఫ్‌లోనూ కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్న కుర్ర టీచరు ఒకరుంటారు. యుడైస్ వివరాల నమోదు నుంచి ప్రింటర్ దాకా అన్నీ ఆయన నెత్తినే పడతాయి. చివరికి ఆయన పాఠమే వెనకబడుతుంది. ఇద్దరిని పెట్టండి, వారిలో ఒకరు కంప్యూటర్ పెద్దగా రానివారై ఉండాలి. కొత్తగా నేర్చుకున్నవారు నేర్పితేనే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

ఈ విషయంలో కేరళను చూడాలి. 2000ల తొలి ఏళ్లలో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు టీచర్లనే శిక్షకులుగా తీర్చిదిద్దింది, ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక టీచరుకు ఐటీ సమన్వయ బాధ్యత ఇచ్చింది, ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నిలబడింది. 2017లో అదే కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. 2018లో లిటిల్ కైట్స్ పేరిట పిల్లల క్లబ్బులు పెట్టి, బడిలోని పరికరాలు చూసుకోవడంలో పిల్లలకే పాత్ర ఇచ్చారు. ఏటా కంపెనీని మార్చకుండా ఒకే దారిలో ఇన్నేళ్లు నడవడం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇంకో మాట. నెలకొకసారైనా మీరు స్వయంగా ఆ ప్యానెల్ మీద ఒక పాఠం చెప్పండి. స్టాఫ్ మీటింగ్‌లో చెప్పే మాటలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

6. కంపెనీ పోతే ఏం మిగులుతుంది?

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇవ్వడం మొదలైంది. బైజూస్ కంపెనీ పాఠాలు వాటిలో ముందే ఎక్కించారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇందులో మన బడుల తప్పేమీ లేదు. కానీ ఏ యాప్ వచ్చినా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి: నెట్ లేకుండా నడుస్తుందా? వచ్చే ఏడాది కొత్త 8వ తరగతికి పనికొస్తుందా? మన టీచర్లు తయారుచేసుకున్నది వేరే దాంట్లోకి తీసుకెళ్లొచ్చా? మీ టీచర్లు చేసుకున్న బొమ్మల, ప్రశ్నపత్రాల నకలు ఒకటి మాత్రం పెన్‌డ్రైవ్‌లో బడిలోనే ఉండాలి.

7. ఇంట్లో ఫోన్ ఉంటే పిల్లల చేతికి వస్తుందనుకోవద్దు

2021 అసర్ సర్వే నివేదిక ప్రకారం దేశంలోని పల్లె ప్రాంతాల బడి పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆ ఇళ్లలోనే 26 శాతం మంది పిల్లలకు అది అందలేదు. నాన్న పనికి వెళ్తూ జేబులో పెట్టుకెళ్తాడు. ఫోన్లో హోంవర్క్ పెట్టేముందు, రాత్రి ఏడింటికి ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో పిల్లల్ని అడిగి రాసుకోండి.

8. పిల్లల వివరాలు పిల్లలవే

మార్కుల జాబితా, ఆధార్ కార్డు ఫొటో, భోజనం చేస్తున్న పిల్లల ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే నాకు మనసు కుదుటపడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఎవరో ఉచిత యాప్ అని తెచ్చి తరగతి మొత్తం పేర్లు, ఫోన్ నంబర్లు అడిగితే, డీఈఓ కార్యాలయం నుంచి రాతపూర్వక ఉత్తర్వు చూపమనండి.

9. మీరు బదిలీ అయ్యాక కూడా నడవాలి

ఆంధ్రప్రదేశ్‌లో ఒకేచోట హెచ్‌ఎంకు ఐదేళ్లు, టీచరుకు ఎనిమిదేళ్లు దాటితే బదిలీ తప్పనిసరి. ల్యాబ్‌కు ఏటా వచ్చే డబ్బు గడువూ ఐదేళ్లే. మీరు వెళ్లే రోజుకే పరికరాలూ పాతబడతాయన్నమాట. అందుకని మొదటి ఏడాది నుంచే ఒక నోటుబుక్ రాయించండి. పాస్‌వర్డ్‌లు, వారంటీ తేదీలు, రిపేరుకు ఎవరిని పిలిస్తే వచ్చారు, ఏ ప్యానెల్‌కు ఏ జబ్బు, ఏ పాఠానికి ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు. పనికిరానివి తప్పకుండా రాయండి, లేకపోతే తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ అక్కడినుంచే మొదలెడతారు. చెడిపోయి మూలపడ్డవాటిని స్టాక్‌లోంచి కొట్టేయించే ఫైలు కూడా మీ హయాంలోనే కదిలించండి. కొత్త హెచ్‌ఎం చేరిన రోజు ఛార్జి కాగితాలతోపాటు ఆ నోటుబుక్ అప్పగించి, దాని మీద కూడా సంతకం తీసుకోండి.