బంగారు రేణువు – మంచినీటి కుండ

బంగారము పసుపుపచ్చని లోహమని మనమందరము ఎరుగుదుము. కంసాలి మూసలో కరిగించినను, రేకుగా సాగగొట్టినను దాని వన్నె మారదు. కాని ఆ బంగారమునే మీటరులో నూరుకోట్లవ వంతైన నానోమీటరుతో కొలువదగినంత చిన్న రేణువులుగా నీటిలో తయారు చేసినచో, ఆ నీరు కెంపువలె ఎఱ్ఱనగును. తలవెంట్రుక మందమే సుమారు 80,000 నానోమీటర్లు! లోహము ఒక్కటే, పరిమాణము మారగా గుణము మారినది.

ఈ వింతను త్రాగునీటి సేవకు మళ్ళించినవారు శ్రీ తలప్పిల్ ప్రదీప్. వీరు 1963లో కేరళలోని పంతావూరులో జన్మించిరి. తల్లిదండ్రులిరువురు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. బాలుడు నాలుగు కిలోమీటర్లు నడచిపోయి, పాకలలో జరుగు తరగతులలో చదివెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1991లో డాక్టరేటు పొంది, 1993లో మద్రాసు ఐ.ఐ.టి.లో అధ్యాపకులుగా చేరిరి.

వీరి తొలి పరిశోధనలలో ఒకటి బంగారముపై అణువులు తమంతట తాము కూర్చుకొను విధమును గూర్చినది. గంధకము కొనగా గల కొన్ని అణువులు బంగారమును తాకగానే దానిని పట్టుకొని, ఎవరును నాటకయే సాళ్ళుగా నిలిచిన నారువలె బారులు తీరును. ఇట్టి పొర కప్పిన రేణువులు ఒండొంటితో ముద్దకట్టవు.

అనంతరము వెండి వంతు వచ్చినది. కార్బన్ టెట్రాక్లోరైడు వెండి కడియమును తాకినను ఏమియు జరుగదు. వెండి సూక్ష్మరేణువులను తాకినప్పుడు మాత్రము అది విచ్ఛిన్నమై, వెండి క్లోరైడుగను బొగ్గుగను మారినట్లు వీరి బృందము 2003లో ప్రకటించినది. పురుగుమందులలోను క్లోరిను గలవి అనేకము కదా! క్లోర్‌పైరిఫాసు, మలాథియను వంటి మందులను నీటినుండి తొలగించుటకు ఇదే దారి చూపెను. ఇట్టి వడపోత సాధనము 2007లో విపణికి వచ్చినది.

ఆర్సెనిక్కు సమస్య మరింత కఠినము. వంగదేశమున గొట్టపు బావుల నీట కలియు ఈ విషమునకు రంగు లేదు, రుచి లేదు. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దీనిని పట్టుటకు ప్రదీప్ బృందము ఇనుప సమ్మేళనపు సూక్ష్మరేణువులను, రొయ్య పెంకులనుండి తీయు కైటోసాన్ అను పదార్థముతో కూర్చినది. మన కోస్తావారు చెత్తగా పారవేయు పెంకులే! కొలిమితో పనిలేక, నీటిలోనే, మామూలు వేడిమియందే ఇది తయారగును. దీనికి అమృత్ అని పేరు. వీరికి 2020లో పద్మశ్రీ లభించినది.

ఒక్క హెచ్చరిక చేయ దలచితిమి. నీటిని కాచినచో క్రిములు చచ్చునే గాని ఆర్సెనిక్కు పోదు. నీరావిరియైన కొలది దాని పాలు హెచ్చును. మన నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు వేరొక శత్రువు. ఒకదానికై చేసిన వడపోత రెండవదానికి చాలునని తలపరాదు. బావినీటిని పరీక్ష చేయించిన పిదపనే సాధనమును ఎన్నుకొనవలెను.