మైనరు కొనే బంగారు నాణెం: బిల్లు ఎవరి పేర?

బంగారం మార్కెట్‌కు కొత్త తరహా కొనుగోలుదారు ఒకడు వస్తున్నాడు. అతడు అంగడి గడప తొక్కడు, షరాబు ముఖం చూడడు, గీటురాయి సంగతి బొత్తిగా ఎరగడు. ఇంటర్మీడియట్ చదివే కుర్రాడు, సంక్రాంతికి పెద్దలు ఇచ్చిన డబ్బు, పుట్టినరోజు డబ్బు కూడబెట్టి ఫోనులోనే ఒక గ్రాము నాణెం తెప్పించుకుంటాడు. బేరం చాలా చిన్నది. కాని అందులో అమ్మకందారుకు ఉన్న చిక్కు చిన్నది కాదు. ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టిన విజయవాడ, ప్రొద్దుటూరు, సికింద్రాబాద్ వర్తకులు ఈ సంగతిని ఒకసారి నిదానంగా పరిశీలించడం మంచిది.

డబ్బు చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు తేలికే. పదేళ్ళు నిండిన మైనర్లు తమంత తాముగా పొదుపు ఖాతా తెరచి నడుపుకోవచ్చునని, పరిమితులను ఆయా బ్యాంకులు నిర్ణయించుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశాలు చెబుతున్నాయి. కనుక ఖాతా ఉన్నది, కార్డు ఉన్నది, చెల్లింపు కూడా సక్రమంగానే జరుగుతుంది. లేనిదల్లా ఒప్పందం చేసుకునే అర్హత.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షను ప్రకారం మేజరు కాని వ్యక్తి ఒప్పందానికి అర్హుడు కాడు. మేజరు అంటే 18 ఏళ్ళు నిండినవాడు. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహరీబీబీ - ధర్మదాస్ ఘోష్ కేసులో తేల్చింది. కలకత్తాలో ఒక వడ్డీ వ్యాపారి మైనరు ఆస్తిని 20,000 రూపాయలకు తనఖా పట్టాడు. అప్పు తీసుకున్నవాడు మైనరని వ్యాపారి తరఫు మనిషికి తెలుసు. తనఖా రద్దయింది, ఇచ్చిన సొమ్ము రాలేదు. నూరేళ్ళు దాటినా ఈ తీర్పే నేటికీ ప్రమాణం.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మైనరు తన వంతు సొమ్ము ముందుగా చెల్లించివేసి, అవతలి పక్షం నుంచి రావలసినది అడిగితే ఆ కోరిక చెల్లుతుంది. మైనరు డబ్బిచ్చి తన పేర తనఖా రాయించుకున్న సందర్భంలో, అతడు దానిని అమలు చేయించుకోవచ్చునని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి రాఘవాచారి - శ్రీనివాస కేసులో 1916లోనే చెప్పింది. అంటే ఈ కత్తికి ఒకవైపే పదును. కుర్రాడు వర్తకుణ్ణి అడగగలడు, వర్తకుడు కుర్రాణ్ణి అడగలేడు.

బియ్యం బస్తా విషయంలో దీనివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. బంగారం అలా కాదు, దీని ధర పూటకొక తీరు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టిన నిమిషానికే ధర ఖాయమవుతుంది. అమ్మకందారు ఆ ధరకు సరకు కొని పెట్టుకుంటాడు. పార్సెల్ చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. 2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో బంగారం మీద దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆనాడే ధర గణనీయంగా పడిపోయింది. అటువంటి రోజున, సరకు అందాక సొమ్ము చెల్లించే పద్ధతిలో ముందునాడు ఆర్డరు పెట్టిన పెద్దవాడు పార్సెల్ తిప్పి పంపితే, కనీసం నోటీసు ఇచ్చే హక్కు వర్తకునికి ఉంటుంది. ఆర్డరు పెట్టినది పదహారేళ్ళ కుర్రాడైతే ఆ హక్కు కూడా లేదు. ధర పడిన మొత్తం, పోనూ రానూ పార్సెల్ ఖర్చు, బీమా అన్నీ వర్తకుని ఖాతాలోకే పోతాయి.

వెబ్‌సైటులో 'నాకు 18 ఏళ్ళు నిండాయి' అన్న గడిలో టిక్కు పెట్టించుకున్నాము గదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ ధీమాకు ఆధారం లేదు. మైనరు వయసు దాచి అబద్ధమాడినా ఒప్పందానికి ప్రాణం రాదు. కాకపోతే, అతడు పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వవలసిందిగా 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షను కింద కోర్టు ఆదేశించవచ్చు. ఒక గ్రాము నాణెం కోసం కోర్టు మెట్లెక్కే వర్తకుడు ఉంటాడా అన్నది వేరే మాట.

కొనేవాని పక్షాన వినియోగదారుల చట్టం కూడా ఉన్నది. 2019 చట్టం ప్రకారం వినియోగదారు మైనరైతే తల్లిదండ్రులు గాని, చట్టబద్ధ సంరక్షకుడు గాని ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదును తాము నివసించే జిల్లాలోనే దాఖలు చేసుకోవచ్చు. ప్రొద్దుటూరు వర్తకుడు శ్రీకాకుళం కుర్రానికి నాణెం అమ్మితే, తగవు వచ్చిననాడు వాయిదాలు శ్రీకాకుళంలో పడతాయి.

అటువంటి తగవులు ఎక్కువగా ఎక్కడ పుడతాయంటే, తిరిగి అమ్మేటప్పుడు. చిన్న నాణెంలో బంగారం ధర మీద పడే అదనపు భారం ఎంతో తొలిసారి కొనేవానికి తెలియదు. లెక్క సులువు కోసం మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకుందాము. ఇది నేటి ధారణ కాదు. ఒక గ్రాము నాణేనికి ముద్ర, ప్యాకింగు ఖర్చు 6 శాతం, అంటే 600 రూపాయలు. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, 318 రూపాయలు. వెరసి 10,918. తిరిగి అమ్మేటప్పుడు అంగడివారు 2 శాతం తగ్గించుకుంటే చేతికి వచ్చేది 9,800. మార్కెట్ ధర కదలకపోయినా కుర్రాడు 1,118 రూపాయలు పోగొట్టుకున్నట్టే. అసలు రావాలంటేనే ధర 11 శాతానికి పైగా పెరగాలి. అదే 10 గ్రాముల నాణేనికి ముద్ర ఖర్చు ఒకటిన్నర శాతమే అనుకుంటే, 7 శాతం లోపు పెరుగుదలతోనే గిట్టుబాటవుతుంది. ఈ శాతాలు అంగడికొక తీరుగా ఉంటాయి గాని, బరువు తగ్గేకొద్దీ భారం పెరగడం మాత్రం అంతటా ఉన్నదే. బ్యాంకులో కొన్న నాణేన్ని ఆ బ్యాంకు తిరిగి కొనదన్న సంగతి కూడా కుర్రవానికి ఎవరూ చెప్పరు. ఈ లెక్కను కొనకముందే పేజీ మీద చూపించే వర్తకుడు రెండు ఆర్డర్లు పోగొట్టుకుంటే పోగొట్టుకోవచ్చు, తర్వాతి జగడం మాత్రం తప్పించుకుంటాడు.

వన్నె విషయంలోనూ తికమక ఉన్నది. తెలుగునాట కాసు అంటే 8 గ్రాములు. ఇంట్లో నాయనమ్మ చెప్పేదీ, కాసులపేరులో కూర్చేదీ ఆ లెక్కే. దీనికి దగ్గరి చుట్టం బ్రిటిష్ సావరిన్, 7.98 గ్రాములు, 22 క్యారట్లు. 1918లో బొంబాయిలోనే వాటిని ముద్రించారు. నాయనమ్మ మాట విని 'కాసు' కోసం వెతికే కుర్రానికి తెర మీద 8 గ్రాముల నాణేలు రెండు రకాలు కనిపిస్తాయి: 916, 999. మొదటి దానిలో మేలిమి 7.33 గ్రాములు, రెండవ దానిలో దాదాపు పూర్తి 8 గ్రాములు. చవకగా ఉన్నదని మొదటిది ఎంచుకుని, తర్వాత మోసపోయాననుకోవడం సహజం. వన్నెను అంకెలలో మాత్రమే గాక, మేలిమి బరువు ఇంత అని రాయడమే దీనికి మందు.

ఇక హాల్‌మార్కు. ఆభరణాలకు ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య 2023 ఏప్రిల్ 1 నుంచి నిర్బంధమయింది. అయితే హాల్‌మార్కింగును నిర్బంధం చేసిన 2020 నాటి ఉత్తర్వు నాణెం రూపంలోని బులియన్‌ను మినహాయించింది. కాబట్టి నాణేనికి అండ అమ్మినవాని పేరు, రిఫైనరీ ముద్ర, సీలు వేసిన కార్డు మీది సంఖ్య. 2015 నవంబరులో కేంద్రం విడుదల చేసిన అశోకచక్రం నాణెం హాల్‌మార్కుతోనే వచ్చింది. కార్డు చించితే తిరిగి కొనుగోలు షరతులు మారతాయని చాలామంది అమ్మకందారులు సన్న అక్షరాలలో రాస్తారు. తొలి నాణెం చేతికి వచ్చిన పిల్లవాడు ముందుగా చేసేది కార్డు చించడమే.

పది రూపాయల నుంచి కొనగలిగే 'డిజిటల్ బంగారం' వేరే కథ. అది తన నియంత్రణ పరిధిలో లేదని 2025 నవంబరు 8న సెబీ మదుపరులను హెచ్చరించింది. దానిని నాణెంగా మార్చుకునేటప్పుడు ముద్ర ఖర్చు, రవాణా ఖర్చు విడిగా పడతాయి.

వీటన్నిటిలో వర్తకుని చేతిలో ఉన్న పని ఒకటే, బిల్లు. ఆర్డరును తండ్రి లేక తల్లి ఖాతా నుంచి తీసుకుని, బిల్లు వారి పేర రాస్తే ఒప్పందం మేజరుతో జరిగినట్టు లెక్క. 'ఫలానా అబ్బాయి నిమిత్తం' అని కింద ఒక పంక్తి చేర్చడానికి అభ్యంతరం లేదు. నాణేన్ని పిల్లవానికి బహూకరించడానికి చట్టం అడ్డురాదు. డబ్బు కుర్రాడి ఖాతా నుంచి వస్తే ఆ సంగతి కూడా రాసుకోవాలి. పార్సెల్ అందుకున్న సంతకం పెద్దవారిదై ఉండాలి.

నెలవారీ వాయిదాలు కట్టి చివర నాణెం తీసుకునే పథకాలలో మరింత జాగ్రత్త అవసరం. పదిహేడేళ్ళ వాడు చేరి, నడుమ మేజరయి, 'పాత ఒప్పందానికి నేను ఒప్పుకుంటున్నాను' అని సంతకం చేసినా పనికిరాదు. చెల్లని ఒప్పందాన్ని తర్వాత ధ్రువీకరించడం కుదరదు. పద్దెనిమిది నిండిన నెలలో పాత కాగితం పక్కన పెట్టి, కొత్త షరతులతో కొత్త కాగితం రాయించుకోవాలి.