ఆపరేషన్ థియేటరు విద్య: ఎక్కడ చేరవలెను?

విజయవాడనుండి ఇబ్రహీంపట్నము, మైలవరముల మీదుగా జగదల్‌పూరు దిక్కునకు సాగు జాతీయ రహదారిపై ఎ.కొండూరు దాటి తిరువూరునకు పోవువారికి ఇరుప్రక్కల మామిడితోటలు కనబడును గాని, ఆ తోటల కావల నున్న తండాలలో మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబముల నెట్లు క్రుంగదీసినదో కనబడదు. డయాలిసిస్ అను మాట ఇచ్చటి ముసలమ్మలకు సైతము పరిచితమే. ఆ చికిత్స దీర్ఘకాలము సాగవలెనన్న రోగి చేతి సిరను ధమనితో కలిపి ఫిస్టులా యనునది చేయుదురు, అదియు శస్త్రచికిత్సయే. అది జరుగు గదిలో వైద్యునికిని, మత్తుమందు వైద్యునికిని, నర్సుకును తోడుగా నిలుచు మరియొకరు కలరు. బయట వేచియున్న బంధువులకు వారి పేరైనను తెలియదు. వారే ఆపరేషన్ థియేటరు టెక్నీషియనులు. ఇంటర్మీడియట్ ముగించి, వైద్యవిద్య అందకపోయినను వైద్యశాలలోనే జీవితమును గడపగోరు ఈ ప్రాంతపు యువతీయువకులు ఈ వృత్తిని గూర్చి యోచింపవలెనని నా మనవి.

ముందుగా పని యెట్టిదో తెలియవలెను. శస్త్రచికిత్సకు వలయు పరికరములను ఆటోక్లేవులో శుద్ధిచేయుట, సామాన్యముగా 121 డిగ్రీల సెల్సియస్ ఉష్ణమున పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ ఆవిరి తగిలినదో లేదో సూచికపట్టీని చూచి నిర్ధారించుట, మత్తుమందు నిచ్చు బాయిల్స్ యంత్రమును, ద్రవములను పీల్చు సక్షనును, రక్తస్రావము నాపు డయాథెర్మీని పరీక్షించి సిద్ధపరచుట, రోగిని ఆపరేషనుకు తగిన భంగిమలో పరుండబెట్టుట, కోత మూయుటకు ముందు రక్తమును తుడుచు గుడ్డలైన మాపులను, సూదులను, కత్తెరలను లెక్కించుటలో పాలుపంచుకొనుట, ఇవి యన్నియు వారి కర్తవ్యములు. 2008లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వెలువరించిన శస్త్రచికిత్సా భద్రతాపట్టిక ఈ లెక్కింపును ప్రతి ఆపరేషను చివరను బిగ్గరగా చెప్పింపుమన్నది. ఒక్క మాపు లెక్కకు రానిచో అది రోగి యుదరముననే మిగిలిపోయి యుండవచ్చును. కావున ఆ సంఖ్యను పలుకువాడు మొగమోటముచేత తడబడరాదు, పెద్ద వైద్యుడు తొందరపెట్టినను ఆగుమనవలెను. ఇట్టి ధైర్యము పుస్తకములవలన రాదు. వందలకొలది ఆపరేషనులయందు నిలిచి చూచిన కన్నులకును, పనిచేసిన చేతులకును మాత్రమే అలవడును.

విద్యాలయమును ఎంచుకొనుటలో నేను నమ్మిన ప్రమాణ మిదియే: కళాశాల భవనమును చూడకుడు, దాని వెనుకనున్న ఆసుపత్రిని చూడుడు. చేరబోవు సంస్థకు సొంత ఆసుపత్రి కలదా? లేనిచో ఏ ఆసుపత్రితో ఒప్పందము కలదు? అచ్చట ఎన్ని థియేటరులు నడచుచున్నవి, దినమునకు సుమారుగా ఎన్ని ఆపరేషనులు జరుగును? ఎముకల శస్త్రచికిత్స, ప్రసూతి, సాధారణ శస్త్రచికిత్స, లాపరోస్కోపీ అను విభాగములన్నిటను విద్యార్థిని త్రిప్పుదురా, లేక రెండేండ్లును ఒకే గదిలో గ్లవుసులు అందించుటకే నియోగింతురా? స్టెరిలైజేషను విభాగమున ఎన్ని నెలలు శిక్షణ యిత్తురు? ఈ ప్రశ్నలకు కార్యాలయపు గుమాస్తా కంటె రెండవ సంవత్సరపు విద్యార్థి నిజమైన సమాధానము చెప్పును. వానిని కలిసి, తాను స్వయముగా సిద్ధపరచిన పరికరముల పళ్ళెమున ఏమేమి యుంచెనో చెప్పుమనుడు. ఆర్టరీ ఫోర్సెప్సు, బాబ్‌కాక్, నీడిల్ హోల్డరు అని వరుసగా తడుముకొనక చెప్పగలిగెనా, ఆ సంస్థ బోధించుచున్నదని తెలియును. దిక్కులు చూచెనా, మీరు మరలి రావచ్చును.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఈ విద్యకు రెండు ద్వారములు ముఖ్యములు. ఒకటి, ఇంటర్మీడియట్ పిదప పారామెడికల్ బోర్డు పరిధిలో జరుగు రెండేండ్ల డిప్లొమా. ఇందు బైపీసీ చదివినవారికి ప్రాధాన్యము. రెండవది, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలలో బీఎస్సీ. అందు మత్తుమందు, థియేటరు సాంకేతికతలు కలిసియుండును, మూడేండ్ల చదువునకు పిమ్మట ఒక యేడు ఇంటర్న్‌షిప్ ఉండును. శీఘ్రముగా సంపాదన కావలసిన గృహపరిస్థితి యున్నవారికి డిప్లొమా తగును. కాని నాలుగేండ్లు నిలువగల శక్తి ఏ మాత్రమున్నను బీఎస్సీయే మేలని నా నిశ్చితాభిప్రాయము, ఏలయన 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషను చట్టము ఈ రెంటికిని అంతరము కల్పించినది. ఆ చట్టము ప్రకారము అనుబంధ ఆరోగ్యవృత్తికి రెండువేల గంటల విద్య కనీసము. ఆరోగ్యసంరక్షణ వృత్తినిపుణుడు అనిపించుకొనుటకు డిగ్రీతోపాటు మూడువేల ఆరువందల గంటలు కనీసము. శస్త్రచికిత్స, మత్తుమందు సాంకేతికతలు ఆ చట్టపు పట్టికలో చేర్చబడినవి. ఆరునెలలలో సర్టిఫికెట్టు, నూటికి నూరుపాళ్ళు ఉద్యోగము అని బస్‌స్టాండు గోడలపై అంటించు ప్రకటనలకు ఈ గంటల లెక్కయే సమాధానము. బోర్డు గుర్తింపు లేని కాగితముతో ప్రైవేటు నర్సింగుహోములో కొంతకాలము పని దొరకవచ్చును గాని, ప్రభుత్వపు నియామక ప్రకటన వెలువడిననాడు రిజిస్ట్రేషను అడిగినచో ఆ కాగితము అక్కరకు రాదు.

దూరము గూర్చి భయపడనక్కరలేదు. విజయవాడలో 1980లో స్థాపితమైన సిద్ధార్థ వైద్యకళాశాలయు, దాని అనుబంధ ప్రభుత్వ సర్వజనాసుపత్రియు కలవు. కృష్ణ కావల మంగళగిరిలో ఎయిమ్స్ కలదు. ఇంతటి వైద్యశాలలు చేరువనే యుండుట మన యువతకు గొప్ప సౌకర్యము. ప్రభుత్వ బోధనాసుపత్రులలో రోగుల రద్దీ యెక్కువ, అదే విద్యార్థికి లాభము. సీటు ప్రభుత్వసంస్థలో దొరకునేమో మొదట ప్రయత్నింపుడు.

విదేశములకు పోదలచినవారికి ఒక మాట. అమెరికాలో సర్జికల్ టెక్నాలజిస్టు శస్త్రవైద్యుని ప్రక్కనే నిలిచి పరికరముల నందించువాడు. మనదేశమున ఆ పని పెక్కుచోట్ల స్టాఫ్ నర్సు చేయును. అచ్చట గుర్తింపుపొందిన శిక్షణాలయములో చదివినవారికే జాతీయ పరీక్షకు అర్హత సాధారణముగా లభించును, కావున ఇచ్చటి డిప్లొమా నేరుగా చెల్లునని చెప్పు ఏజెంటును నమ్మకుడు.

శరీరదార్ఢ్యమును గూడ విచారింపుడు. గంటలకొలది నిలువవలెను, రాత్రి పిలుపులకు లేవవలెను, రక్తమును చూచి చలింపరాదు, హెపటైటిస్-బి టీకా ముందుగా వేయించుకొనవలెను. ఆడపిల్లలు ఈ పనికి తగరని కొందరు పెద్దలు తలంచుట విన్నాను, అది నిరాధారము. ప్రసూతి థియేటరులో స్త్రీ టెక్నీషియను ఉనికి రోగికి కొండంత ధైర్యము, తండాల తల్లిదండ్రులు ఈ విషయమును తప్పక ఆలోచింపవలెను.

చేరుటకు ముందు బోర్డు లేక విశ్వవిద్యాలయపు జాబితాలో కళాశాల పేరును, కోర్సు పేరును, ఆ యేటి సీట్ల సంఖ్యను మీ కన్నులతో చూచుకొనుడు. తరగతులు నడచు ఒక పనిదినమున, తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని, ఆసుపత్రికి పోయి రండు. అంతవరకు ఫీజు చెల్లింపకుడు, అసలు సర్టిఫికెట్లను ఎవరి చేతను పెట్టకుడు.