స్వాహా అక్కడ సొవాకా: జపాన్ వేసవిలో నేను, మావాడు

పోయిన వారం వీడియోలో టోక్యోలోని ఉఎనో చెరువు, దాని మధ్యలో ఉన్న సరస్వతి అమ్మవారి గుడి ఒక్క నిమిషం చూపించి వదిలేశాను. అప్పటి నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, జపాన్‌లో అందరూ మన దేవుళ్లనే పూజిస్తారట, నిజమేనా?" వాట్సాప్‌లో తిరిగే ఆ ఫార్వర్డు మీకూ వచ్చే ఉంటుంది. అందులో సగం నిజం. ఆ మిగతా సగం ఏంటో ఈ పోస్టులో చూద్దాం. ఈ సగమే నాకు ఎక్కువ నచ్చింది కూడా.

ముందు మా సంగతి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు ఒకడు టోక్యో పక్కన ఉద్యోగం చేస్తున్నాడు. వాడి రూములో మూడు వారాలు ఉండి వచ్చాను, జులై చివరి నుంచి ఆగస్టు సగం దాకా. వాడు క్రైస్తవుడు. కొత్తమ్మ తల్లి జాతరకి మా ఇంట్లో భోజనం చేసేవాడు, క్రిస్మస్‌కి వాళ్ల మామ్మ చేసిన అరిసెలు నేను తినేవాణ్ణి. గుడిలో వాడు దణ్ణం పెట్టడు, చెప్పులు విప్పి ఒక పక్కన నిలబడతాడు. చర్చిలో నేనూ అంతే. ఈ ఒప్పందం మేం ఎప్పుడూ మాటల్లో చెప్పుకోలేదు, అలా జరిగిపోతోంది.

టోక్యో ఎండ గురించి ఎవరూ చెప్పరేంటో! చల్లటి దేశం అనుకుని వెళ్లేవాళ్లకి ఒక మాట: జులైలో అక్కడి ఉక్కపోత మన సముద్రం ఒడ్డు ఊళ్లకి ఏమాత్రం తీసిపోదు. చెట్ల మీద సికాడా పురుగులు పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపవు. "ఏట్రా ఇది, ఇంత దూరం వచ్చింది మళ్లీ చెమట పట్టడానికా?" అన్నాను. "ఊరు గుర్తొస్తాదని పిలిచాన్రా" అన్నాడు మావాడు.

ఉఎనోలోని షినోబజు చెరువు ఆ నెలల్లో నిండా తామరలే. ఆకులు మనిషి నడుం దాకా లేచి ఉంటాయి. మధ్యలో చిన్న దీవి, దాని మీద బెంటెన్-దో అనే గుడి. అక్కడి దేవత పేరు బెంజైటెన్. ఈమే మన సరస్వతి. వీణ బదులు చేతిలో బివా అనే నాలుగు తీగల వాద్యం. నీటి మధ్యలో ఉండటం కూడా అందుకే: సరస్వతి నది కదా. ఆ ఆనవాలు అంత దూరంలో కూడా పోలేదు. గుడి ఆవరణలో కళ్లజోళ్లకి ఒక స్మారక శిల ఉంది, వంట కత్తులకి ఒకటి, ఫుగు చేపకి ఒకటి. మన అన్నం పెట్టిన వస్తువుకీ, ప్రాణికీ దణ్ణం పెట్టడం అన్నమాట. ఆయుధపూజ చేసేవాళ్లం మనకి ఇది విచిత్రంగా ఎందుకు ఉంటుంది?

కానీ ఆ గుడి ముందు చేతులు జోడించే టోక్యో అమ్మాయి దృష్టిలో బెంజైటెన్ "ఇండియా దేవత" కాదు. ఆమె వాళ్ల ఏడుగురు అదృష్ట దేవతల్లో ఒకరు. ఆ ఏడుగురిలో ముగ్గురు మన దేశం నుంచి వెళ్లినవాళ్లే: సరస్వతి, బిషమొంటెన్ అయిన వైశ్రవణుడు, అంటే మన కుబేరుడు, దైకొకుటెన్ అయిన మహాకాలుడు. మహాకాలుడు అక్కడ బియ్యం బస్తాల మీద నిలబడి, చేతిలో సుత్తి పట్టుకుని, లావుగా నవ్వుతూ ఉంటాడు. ఉజ్జయిని వెళ్లొచ్చినవాళ్లు చూస్తే గుర్తుపట్టలేరు. బెంజైటెన్ పేరులోని "జై" అక్షరం మొదట్లో ప్రతిభ అనే అర్థంలో రాసేవారు, తర్వాత అదే పలుకున్న ధనం అనే అక్షరం వచ్చి చేరింది. కామకురాలో జెనియరాయి అనే చోట ఆవిడ సన్నిధిలో గుహ నీళ్లలో డబ్బులు కడుగుతారు, కడిగిన డబ్బు పెరుగుతుందట. సరస్వతి దగ్గర లక్ష్మి ఉండదని మన పెద్దలు అంటారు. జపాన్‌వాళ్లు ఒక అక్షరంతో ఆ గొడవ తీర్చేశారు. నేనూ ఒక వెయ్యి యెన్ల నోటు తడిపాను. పెరిగిందా అని అడగకండి, ఆ సాయంత్రం ట్రైను టికెట్టుకి అయిపోయింది.

వీళ్లందరూ అక్కడికి ఎలా చేరారు? బౌద్ధం భుజాల మీద. చైనా, కొరియాల మీదుగా. 736లో బోధిసేనుడనే భారతీయ భిక్షువు స్వయంగా జపాన్ చేరి, 752లో నారాలోని పెద్ద బుద్ధవిగ్రహానికి కళ్లు తెరిపించే క్రతువు నడిపాడు. కూకాయ్ అనే ఆచార్యుడు 806లో చైనా నుంచి షింగోన్ సంప్రదాయం తెచ్చాడు. ఆ సంప్రదాయం గురుపరంపరలో మన నాగార్జునుడు ఉన్నాడు. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపంలో ఆయనకి రహస్య బోధ అందిందని వాళ్ల కథ. నాగార్జునసాగర్ డ్యామ్ చూసి సెల్ఫీ దిగి వచ్చేవాళ్లం, ఆ పేరు వెనకున్న మనిషికి జపాన్‌లో ఇప్పటికీ నిత్యం దణ్ణాలు అందుతున్నాయి.

ఈ ప్రయాణంలో పదాలు ఏమయ్యాయో చూడండి. ఓం అక్కడ "ఓన్" అయింది. స్వాహా "సొవాకా" అయింది. బెంజైటెన్ మంత్రంలో సరస్వతి పేరు "సొరసొబతి" అని వినిపిస్తుంది. హోమం "గోమా". నరితా ఎయిర్‌పోర్టుకి దగ్గర్లోనే నరితసాన్ గుడిలో రోజూ గోమా చేస్తారు. పెద్ద డోలు మోగుతుంటే మంట లేస్తుంది, జనం తమ హ్యాండుబ్యాగులు పూజారులకి అందిస్తే వాళ్లు ఆ మంట సెగ తగిలించి తిరిగి ఇస్తారు. నేను కెమెరా బ్యాగు ఇచ్చాను. "దీవెన నీకా, కెమెరాకా?" అని మావాడు చెవిలో అడిగాడు.

నాకు ఒళ్లు జలదరించిన చోటు మాత్రం వేరే. ఉఎనోలోనే అమెయొకో అనే సంత ఉంది. చేపలు, బూట్లు, ఎండుపళ్లు, అరుపులు, అచ్చం మన సంతే. ఆ దుకాణాల నెత్తి మీద, మెట్లెక్కితే, ఒక గుడి. అక్కడి దేవత మరిషిటెన్. అడవిపంది మీద నిలబడి ఉంటుంది. సంస్కృతంలో మారీచి, అంటే వెలుగు కిరణం. ఎండమావిని పట్టుకోలేం కదా, అలా శత్రువుకి చిక్కకుండా కాపాడుతుందని సమురాయ్‌లు కొలిచేవారు. "మారీచుడంటే రామాయణంలో బంగారు లేడి గదరా, పంది ఎలాగయింది?" అన్నాడు మావాడు. ఎన్టీఆర్ సినిమాలు చూసి పెరిగిన క్రైస్తవుడు! ఆ మారీచుడు వేరు, ఈ తల్లి వేరు.

ఈ మారీచి విగ్రహం మన జిల్లాలో దొరికింది. అవును, శాలిహుండంలో. వంశధార ఒడ్డున కొండ మీద, కళింగపట్నం దగ్గర. ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో మొదట గుర్తించింది ఎవరో తెలుసా? వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి గారు. తవ్వకాల్లో స్తూపాలతో పాటు తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. మా ఊరి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. అక్కడ ఆవిడకి దీపం పెట్టేవాళ్లు లేరు. టోక్యోలో చేపల సంత పైన, ఆ ఎండలో, ఆఫీసు చొక్కా వేసుకున్న ఒకాయన ఆవిడ ముందు కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఇది మాది" అని ఆయనకి చెప్పాలని నాకు అనిపించలేదు. ఎవరు కొలుచుకుంటున్నారో వాళ్లదే కదా అమ్మ.

ఫార్వర్డులో లేని సగం ఇదే. మనవాళ్లు చాలామంది జపాన్ వెళ్లి "ఇదిగో మన గణపతి" అని వేలు చూపించి వచ్చేస్తారు. అసకుసా దగ్గర మత్సుచియామా షోడెన్ అనే గుడిలో గణపతి ఉన్నాడు, నిజమే, పేరు కాంగిటెన్. కానీ విగ్రహం ఎవరికీ చూపించరు, గర్భగుడిలో దాచి ఉంచుతారు. నైవేద్యం ఉండ్రాళ్లు కాదు, తెల్ల ముల్లంగి! గుడిలోనే ముల్లంగి అమ్ముతారు, కొని స్వామికి పెట్టాలి. ఫొటో అడగకుండా, ముల్లంగి కొని పెట్టి, దణ్ణం పెట్టుకుని రండి. అతిథిగా వెళ్లినప్పుడు ఇంటివాళ్లు పెట్టిందే తింటాం కదా.

తిండి అంటే గుర్తొచ్చింది. నేను శనివారం నీచు ముట్టను. జపాన్‌లో ఇది పెద్ద పరీక్ష. చూడటానికి కూరగాయల పులుసే, కానీ దాని అడుగున దాషి ఉంటుంది, ఎండు చేప తురుముతో కాచిన రసం. నూడుల్స్‌లో అదే, గుడ్డులో అదే. శనివారాల్లో నన్ను కాపాడింది ఉమెబోషి పెట్టిన అన్నం ముద్ద. ఉప్పులో ఊరిన పుల్లటి పండు, మన ఊరగాయకి దూరపు చుట్టం. బౌద్ధ గుళ్లలో దొరికే షోజిన్ రియోరి భోజనం దొరికితే వదలకండి. చేప, మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అమ్మ ఫోన్‌లో "ఏటి తిన్నావు నాయినా?" అంటే "కార్తీకమాసం భోజనం" అని చెప్పాను, ఆవిడకి నిద్ర పట్టింది.

సెన్సోజి గుడిలో ఓమికుజి అని జాతకం చీటీలు తీస్తారు. చెడు చీటీలు ఎక్కువ వచ్చే గుడిగా దానికి పేరుంది. నాకు మామూలు మంచి వచ్చింది. మావాడికి సరదాకి తీయమంటే నవ్వి, "నా జాతకం ఆదివారం పాస్టరు గారు చూసుకుంటారులే" అన్నాడు. చెడు చీటీ వస్తే అక్కడే కట్టేసి రావాలి, ఇంటికి తేకూడదు. ఇంకో చిన్న పాఠం: షింతో గుడిలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు. బౌద్ధ గుడిలో చప్పట్లు లేవు, చేతులు జోడించడమే.

ఆగస్టులో ఒబోన్ వస్తుంది, పెద్దలు ఇళ్లకి వచ్చే పండగ. దోసకాయకి పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకి గుచ్చి ఆవు. పెద్దలు గుర్రం మీద త్వరగా రావాలట, ఆవు మీద మెల్లగా వెళ్లాలట. సంక్రాంతికి పెద్దలకి కొత్త బట్టలు పెట్టే మన ఉత్తరాంధ్రవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

చివరి వారం మావాడి కోరిక మీద నాగసాకి వెళ్లాం. ఇన్నాళ్లు వాడు నా గుళ్లకి వచ్చాడు, ఇక నా వంతు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ గోవా వైపు నుంచి జపాన్ చేరినప్పుడు, అక్కడివాళ్లు క్రైస్తవాన్ని తెంజికు నుంచి వచ్చిన మతమనుకున్నారు. తెంజికు అంటే ఇండియా! దేవుడు అనడానికి ఆయన మొదట్లో దైనిచి అనే మాట వాడాడు, అది వైరోచన బుద్ధుడి పేరు. తర్వాత సంగతి తెలిసి మానేశాడు. మ్యూజియంలో ఇది విని మావాడు, "సూసినావా, నానూ ఇండియా కోటాలోనే వచ్చాను" అన్నాడు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. 1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. అనుమానం వస్తే క్రీస్తు బొమ్మనో మేరీ బొమ్మనో నేల మీద పెట్టి తొక్కమనేవారు. గురువుల్లేరు, గుడి లేదు. 1865 మార్చి 17న, కొత్తగా కట్టిన ఔరా చర్చికి ఉరకామి పల్లె మనుషులు కొందరు వచ్చి, తమ మనసూ ఆయన మనసూ ఒకటేనని ఫ్రెంచి ఫాదరు చెవిలో చెప్పి, మేరీమాత విగ్రహం ఎక్కడుందని అడిగారు. మధ్యలో 250 ఏళ్లు. నిషేధం తొలగింది 1873లో.

అన్నాళ్లు ఎలా నిలిపారు? ఇళ్లలో కన్నోన్ విగ్రహం పెట్టుకున్నారు, ఒళ్లో బిడ్డతో. చూసేవాళ్లకి కన్నోన్, అంటే మన అవలోకితేశ్వరుడు. ఇంట్లోవాళ్లకి మేరీ. ప్రార్థనలు తండ్రి నుంచి కొడుక్కి నోటితోనే. వాటిని ఒరాషో అంటారు, లాటిన్ ఒరాషియో అరిగి అలా అయింది. తరాలు గడిచేకొద్దీ చాలా మాటలకి అర్థం మర్చిపోయారు, పలుకు మారిపోయింది, అయినా ఆపలేదు. స్వాహా సొవాకా అయినట్టే! మావాడు ఆ గాజు పెట్టె ముందు చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చాక అడిగాడు: "ఒరే, ఫోను లేకుండా నాకు కీర్తన ఒక్కటి పూర్తిగా వొస్తాదా అని ఆలోచిస్తున్నాను. నీకు?"

అదే ప్రశ్న మీకూ ఇస్తున్నాను, ఈ వారం పాఠంగా. మీ అమ్మమ్మో నానమ్మో రోజూ చదివే స్తోత్రం ఒకటి ఎంచుకోండి. వీడియో పెట్టుకుని వినడం కాదు, ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ నోటి నుంచి నేర్చుకోండి. ఆవిడ పలికే తీరు పుస్తకంలో ఉన్నదానికి తేడాగా ఉంటే, ముందు ఆవిడ పలికినట్టే రాసుకోండి, తప్పొప్పులు తర్వాత చూద్దాం. రోజుకి రెండు శ్లోకాలు చాలు. శనివారం లైవ్‌లో నేను మా మామ్మ దగ్గర నేర్చుకున్నది ఫోను పక్కన పెట్టి చదువుతాను. మావాడు కూడా టోక్యో నుంచి కలుస్తానన్నాడు, వాళ్ల మామ్మ పాడే పాట ఒకటి ఇప్పటికే సగం వచ్చిందట.